అంచుదాకా విసనకర్రలు

1899 జనవరి 9, సోమవారం. ధవళేశ్వరం

వియ్యపురాలు సువార్తమ్మ నిడదవోలు నుంచి పడవలో దిగింది. వెంట ఒక ట్రంకు పెట్టె, రెండు బుట్టలు, అరటి గెల, దగ్గు. వచ్చిన పని గుమ్మంలోనే చెప్పేసింది. లాజరుకి పెళ్ళి కుదిరిందట. ఈస్టరు వెళ్ళాక చేస్తారట. పిల్లని తీసుకెళ్దామని వచ్చిందట.

ముందు కాళ్ళు కడుక్కోండి అన్నాను.

నా కూతురు దీనమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. వరద తీసిన వెంటనే వాంతిభేదం వచ్చింది. తెల్లారి మొదలై, మర్నాటికి అయిపోయింది. ఆ వారమే అల్లుడు లాజరు నాలుగేళ్ళ ప్రసన్నని నా ఒళ్ళో పెట్టి పాస్టరుగారి ఎదుట మాట ఇచ్చాడు. అత్తయ్యగారూ, మీరు ఎప్పుడు పంపిస్తే అప్పుడే తీసుకెళ్తాను, అంతవరకూ నోరెత్తి అడగను అన్నాడు. మాట తప్పలేదు. తను అడగలేదు. వాళ్ళమ్మని పంపాడు.

జనవరి 10

పొద్దున్న కాఫీ దగ్గర సువార్తమ్మ మళ్ళీ ఎత్తింది. రేపు అబ్బులు పడవ వెనక్కి వెళ్తుందండి వదినగారూ, పిల్ల బట్టలు సర్దేస్తారా అంది.

తల్లి చీరలతో బొంత కుట్టకుండా పిల్లని ఎలా పంపను అన్నాను. ఇది అప్పటికప్పుడు నోటికొచ్చిన మాట. కానీ కాదనలేని మాట. తల్లి లేని పిల్లని తల్లి చీరల బొంతలో పడుకోబెట్టడం మా ఇళ్ళలో అందరూ చేసేదే. సువార్తమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుని, నిజమేనండి, వారం రోజుల పని, ఉంటాను, నేనూ ఓ చెయ్యి వేస్తాను అంది.

ఏ బొంత అన్నది నేను చెప్పలేదు. ఆవిడ అడగలేదు.

ఏప్రిల్ నెల సగంలో మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు. ఇంక జూన్ దాకా పడవ నడవదు. లాజరు నిడదవోలు స్టేషన్లో గుమాస్తా, అయినా వాళ్ళమ్మ ఇంతవరకూ రైలెక్కలేదు. కడుపులో నిప్పు పెట్టుకుని పరిగెత్తేదాన్ని నమ్మనండి అంటుంది.

ఏప్రిల్ సగం దాకా లాగితే చాలు. ఆ తర్వాత సంగతి తర్వాత.

జనవరి 14

అటక మీంచి దొరసాని ఫ్రేము దింపించాను. బోర్డింగు స్కూల్లో మాకు కుట్టు నేర్పిన దొరసాని అమెరికా వెళ్ళిపోతూ నాకిచ్చిన ఫ్రేము. నాలుగు కర్రలు, నాలుగు కాళ్ళు. బొంతని డప్పులాగ బిగించి కడితే దాని చుట్టూ కూర్చుని కుట్టుకోవచ్చు. వసారా అంతా అదే ఆక్రమించింది. సువార్తమ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఏంటండీ ఇది, బొంత కుట్టడానికా, శవాన్ని మొయ్యడానికా అంది.

పైనా కిందా దీనమ్మ చీరలే. మధ్యలో పాత దుప్పట్లు. మామూలు బొంతకి నాలుగు పక్కలా వరసగా దారం లాగేస్తే సరిపోతుంది. దొరసాని నేర్పింది అది కాదు, విసనకర్రలు. మోచెయ్యి బొంత మీద ఆనించి, వేళ్ళ మధ్య సుద్దముక్క పట్టుకుని చెయ్యి తిప్పితే ఒక వంపు పడుతుంది. సుద్ద కొంచెం వెనక్కి జరిపి మళ్ళీ తిప్పితే లోపల ఇంకో వంపు. అలా ఒకదాంట్లో ఒకటి, తాటాకు విసనకర్ర మడతల్లాగ. ఒక విసనకర్ర పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. మధ్యలో మొదలుపెట్టి అంచుదాకా ఎక్కడా ఖాళీ ఉండకూడదు. అంచు దగ్గర గుడ్డ చాలక ఫ్రేముకి అందదు కాబట్టి అంచు పొడుగునా పాత గుడ్డ పట్టీ కలిపి కుట్టి, ఆ పట్టీని కర్రకి కట్టాలి. అంచు మీద పని అయ్యాక పట్టీ విప్పేస్తాం.

ఇంతకంటే మెల్లిగా నడిచే కుట్టు నాకు తెలియదు. తెలిస్తే అదే మొదలుపెట్టేదాన్ని.

ప్రసన్న ఫ్రేము కింద దూరి ఇల్లు కట్టుకుంది. బయటికి రమ్మంటే రాలేదు. అన్నం అక్కడికే.

జనవరి 15, ఆదివారం

సూది పట్టకూడని రోజు. ఈ ఆజ్ఞ నాకు ఇంత నచ్చడం ఇదే మొదలు.

జనవరి 27

సువార్తమ్మకి అనుమానం వచ్చింది. వారం అన్న పని మూడో వారంలో పడింది, నా విసనకర్రలు చూస్తే అరచెయ్యంత మేర. ఇది బొంతా, ఆనకట్టా అంది. ధవళేశ్వరంలో ఉండి ఆనకట్టని అంత మాట అనకండి, అది పూర్తయింది అన్నాను. ఆవిడకి నవ్వు రాలేదు. మధ్యాహ్నం భోజనం అవగానే కొంగు దోపుకుని ఫ్రేముకి అవతలి పక్క పీట వేసుకుంది. అటు మీ వైపు మీరు చూసుకోండి, ఇటు నా వైపు నేను చూసుకుంటాను, ఎలాగ గియ్యాలో ఒక్కసారి చూపించండి అంది.

చూపించక ఏం చెయ్యను.

ఆవిడ సూది పడవలాగ పోతుంది. నాది రేవులో ఉంది.

ఫిబ్రవరి 6

ఈ రోజు ప్రసన్న కాలువ లాకుల దాకా పరిగెత్తింది. నేను మజ్జిగ చిలుకుతున్నాను, సువార్తమ్మ కుడుతోంది, గేటు తీసి ఉంది. నీళ్ళ గట్టు మీద దాని జడ కనిపించింది. నేనూ పరిగెత్తాను. పరిగెత్తడం అనకూడదు దాన్ని. కేకలు వేస్తూ కుంటుకుంటూ వెళ్ళాను. లాకుల వాడు మరిడయ్య దాని చెయ్యి పట్టుకుని ఆపి, బామ్మగారు పరుగు పందెం పెట్టారు అని నవ్వాడు. కొట్టాను. పిల్లని కాదు, మరిడయ్యని.

ఇంటికొచ్చి కూలబడ్డాను. సువార్తమ్మ ఆముదం వెచ్చబెట్టి తెచ్చి నా మోకాళ్ళకి రాసింది. రాస్తూ అంది: మీకు అరవై, నాకు అరవై రెండు. మన నాలుగు మోకాళ్ళూ కలిపితే ఒక మంచి మోకాలు అవ్వదు వదినగారూ. ఆ పిల్ల వెనక ఇంకా పదేళ్ళు పరిగెత్తాలి.

ఆముదం కంపు కొడుతోందన్నాను.

ఫిబ్రవరి 11

ఒళ్ళు నొప్పులు. కుట్టలేదు.

ఫిబ్రవరి 18

సువార్తమ్మది పొడుగు చెయ్యి. ఆవిడ మూర నా మూర కంటే బాగా పెద్దది. మోచెయ్యి ఆనించి గీసినప్పుడు ఆవిడ విసనకర్రలు నావాటికంటే పెద్దవి పడుతున్నాయి. బొంత వెడల్పు కత్తిరించింది నా చేతి కొలతకి. నా వైపు ఆఖరి వరస అంచుకి సరిగ్గా వచ్చి ఆగుతుంది. ఆవిడ వైపు రాదు.

చెప్పలేదు.

ఫిబ్రవరి 24

కాబోయే పెళ్ళికూతురి వివరాలు ఇవాళ బయటపడ్డాయి. పేరు మార్తమ్మ. పిఠాపురం దగ్గర ఊళ్ళో ఆడపిల్లల స్కూల్లో టీచరు. తల్లీ తండ్రీ లేరు, అన్న సామ్యేలు పెంచాడు. బాప్టిస్టు. లూథరన్ చర్చిలో పెళ్ళి కూతురు దొరకలేదా అన్నాను. బాప్తిస్మానికి నీళ్ళు చల్లితే చాలని మనం అనుకుంటాం, మనిషిని మొత్తం ముంచితేగాని వాళ్ళకి నమ్మకం కుదరదు. సువార్తమ్మ అంది కదా, మునిగితే మునిగింది లెండి, అన్నం వండితే చాలు.

పెళ్ళికి ముందు ఒకసారి పిల్లని చూడాలని ఆ అమ్మాయి అడిగిందట. ఎందుకట, సంతలో గేదెనా అన్నాను. అని, ఫ్రేము కింద పిల్ల ఉందని అప్పుడు గుర్తొచ్చింది. వంగి చూశాను. వెల్లకిలా పడుకుని, వేలితో గుడ్డని పొడుస్తోంది. ఇది అమ్మ కట్టుకునేది, ఇదీ అమ్మదే, ఇదీ అమ్మదే అంటోంది. ఇస్త్రీ పెట్టె కాలిన మచ్చ ఉన్న చోట వేలు పెట్టి, ఇది అమ్మ ఏడ్చిన చీర అంది. నిజమే. కొత్త చీర కాల్చుకుని ఆ రోజంతా ఏడ్చింది దీనమ్మ. ఇది ఎప్పుడు చూసిందో.

ఆ మచ్చ మీద ఒక విసనకర్ర ఎక్కువ కుట్టాను. దొరసాని చూస్తే విప్పమనేది.

మార్చి 10

సువార్తమ్మ వైపు వరసలు అయిపోయాయి. చివర జానెడు ఖాళీ. ఆవిడ చేతికి ఇంకో వరస పట్టదు, నా చేతికీ పట్టదు. మొదట ఆవిడ సుద్దముక్క అటూ ఇటూ జరిపి చూసింది. తర్వాత నా మొహం చూసింది.

కొలత తప్పింది, మీ వైపు మొత్తం విప్పి నా మూరతో మళ్ళీ కుట్టాలి అన్నాను. ఈ మాట ఎలా అనాలో మూడు వారాల నుంచి అనుకుంటూనే ఉన్నాను. బాగానే వచ్చింది.

అంచున జానెడు ఖాళీ ఉంటే పిల్లకి చలేస్తుందేంటండీ అంది. అంచుదాకా ఉండాలి, దొరసాని పద్ధతి అన్నాను. మీ దొరసాని బతికుందో లేదో కూడా మీకు తెలీదు అంది. పద్ధతి బతికుంది అన్నాను.

అప్పుడు ఆవిడ సూది గుడ్డకి గుచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలా మెల్లిగా అంది. మీకు పంపడం ఇష్టం లేకపోతే ఒక్క మాట చెప్పండి వదినగారూ. నేను పడవెక్కి వెళ్ళిపోతాను. మా వాడికి నేను చెప్పుకుంటాను. నా చేత ఈ కుట్లన్నీ విప్పించకండి, నా వల్ల కాదు.

కత్తెర ఎక్కడ పెట్టానో వెతికాను.

మార్చి 13

సువార్తమ్మకి జ్వరం, దగ్గు. మంచం మీంచి లేవలేదు. మిరియాల కషాయం పెట్టి ఇచ్చాను. తాగి అటు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం నేనే ఆవిడ వైపు పీట వేసుకున్నాను, విప్పుదామని. ఆవిడ కుట్టు నా కుట్టు కంటే సన్నగా ఉంది. రెండు కుట్లు విప్పాను. వెలుతురు చాలలేదని రాద్దామనుకున్నాను. ఎండ పట్టపగలు వసారాలో సగం దాకా పడి ఉంది.

కత్తెర లోపల పెట్టేశాను.

మార్చి 14

ప్రసన్నకి స్నానం చేయించడానికి ముగ్గురు మనుషులు కావాలి. ఒక్కదాన్నే ఉన్నాను. నూతి దగ్గర జారి కూర్చున్నాను. అది నవ్వింది. నేనూ నవ్వాను. లేవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఈ సంగతి సువార్తమ్మకి చెప్పలేదు. పిల్ల చెప్పేసింది.

మార్చి 20, సోమవారం

మార్తమ్మ వచ్చింది. అన్న సామ్యేలుతో రైల్లో రాజమండ్రి దిగి, అక్కడి నుంచి బండి కట్టించుకుని.

సన్నగా, నల్లగా, ఎత్తు తక్కువ. గంజి పెట్టిన తెల్లచీర. ఆ చీర చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఎందుకో చెప్పలేను, చీర తప్పేమీ లేదు. దీనమ్మ గురించి ఒక్క పరామర్శ మాట అనలేదు. అంటుందేమో అని జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాను, పనికిరాకుండా పోయింది. సామ్యేలు మాత్రం దేవుని చిత్తం గురించి చాలాసేపు మాట్లాడాడు. కాఫీ ఇస్తే ఆగాడు.

ప్రసన్న ఫ్రేము కిందకి వెళ్ళిపోయింది. రావే, ఎవరొచ్చారో చూడు అని సువార్తమ్మ పిలిచింది. రాలేదు. బిస్కట్టు చూపించింది. చెయ్యి మాత్రం వచ్చి బిస్కట్టు తీసుకుని లోపలికి వెళ్ళింది. మార్తమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, నేను రావచ్చా అని ఫ్రేముని అడిగింది. చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని, వంగి, మోకాళ్ళ మీద దూరింది.

సువార్తమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెళ్ళికూతురు అలా దూరడమేంటండీ వదినగారూ, చూసినవాళ్ళు ఏమనుకుంటారు అని నా చెవిలో అంది. చూసేవాళ్ళం మనమే కదా, మనం ఏమనుకుంటున్నాం అన్నాను.

ఇక కింద నుంచి మాటలు. పాప పాఠం చెప్తోంది, టీచరు వింటోంది. ఇది అమ్మది. ఇది? అదీ అమ్మదే. మరి ఇది? అది పండక్కి కట్టుకుంది. ఈ కాలినది? అది అమ్మ ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చింది? రోజంతా. మరి నువ్వేం చేశావు? నేను కూడా ఏడ్చాను. నాకు కూడా ఒక చీర కాలింది, నేనూ ఏడ్చాను అంది మార్తమ్మ. ఎవరు ఊరుకోబెట్టారు అంది పాప. ఎవరూ లేరు, అదే ఆగింది అంది మార్తమ్మ.

నేను సూదికి దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. ఎక్కలేదు.

ఇద్దరూ బయటికి వచ్చారు. గంజి చీర నలిగి, నెత్తిన బూజు. ప్రసన్న ఆ అమ్మాయి వేలు పట్టుకుని ఉంది, టీచరుగారూ టీచరుగారూ అంటోంది. అమ్మా అనాలే, అని సువార్తమ్మ దిద్దబోయింది. టీచరుగారు అనే అననివ్వండి, అది నా పేరే కదండీ అంది మార్తమ్మ.

తర్వాత బొంత చుట్టూ తిరిగి చూసింది. అంచు దగ్గర ఈ ఖాళీ ఎందుకండీ అని అడిగింది. సువార్తమ్మ తల దించుకుంది. నేను చెప్పాను, ఎవరి విసనకర్ర వాళ్ళ మోచేతి కొలత మీద వస్తుంది, ఇక్కడ ఎవరి మోచెయ్యీ పట్టదు, అందుకని ఈ వైపు మొత్తం విప్పాలి అని. ఈ మొత్తాన్నా అంది. కాసేపు చూసింది. వంగి ప్రసన్న చెయ్యి పట్టుకుని, చిన్న మోచేతిని బొంత మీద ఆనించి, వేళ్ళలో సుద్దముక్క పెట్టి, చెయ్యి తిప్పింది. జానెడు వంపు పడింది. అంచుకి వచ్చి ఆగింది. పాప కేక పెట్టి, ఇంకోటి, ఇంకోటి అంది. పక్కన ఇంకోటి గీశారు. దాని పక్కన ఇంకోటి.

సువార్తమ్మ నా వైపే చూస్తోంది. ఇది తప్పు అని నేను అనచ్చు. ఒక బొంత మీద మూడు కొలతలు ఉండకూడదు, దొరసాని ఒప్పుకోదు అనచ్చు. దొరసానిని ఎరిగినదాన్ని ఇక్కడ నేనొక్కదాన్నే, ఎవరు కాదంటారు. విప్పితే ఏప్రిల్ దాటిపోతుంది. కాలువలు కట్టేస్తారు. ఒక్క ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ ఈ ఫ్రేము దగ్గర నడుం పోగొట్టుకున్నాను.

పాప మోచేతి మీద సుద్ద తెల్లగా అంటుకుంది.

సూదికి దారం ఎక్కించి మార్తమ్మ చేతికి ఇచ్చాను. సన్నగా కుట్టు అన్నాను.

వడ్ల గింజలంత కుట్లు వేసింది. ఆడపిల్లల స్కూల్లో ఏం నేర్పిస్తున్నారో. రెండుసార్లు వేలు గుచ్చుకుంది. మూడోసారి నేనే చెయ్యి పట్టుకుని చూపించాను.

సాయంత్రం బండి ఎక్కుతూ ఆగి, చుట్టూ తిప్పకుండా అడిగింది. పంపిస్తారాండీ? బొంత అవ్వాలి కదా అన్నాను. ఎప్పటికి అవుతుందండీ? కాలువలు కట్టకముందే అవుతుంది అన్నాను.

సువార్తమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి అంతా విన్నది. బండి మలుపు తిరిగాక, పొయ్యి మీద చారు పొంగుతోంది అని లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మార్చి 21

తొందరపడకుండా కుట్టడం అలవాటైపోయింది. తొందరగా కుట్టడం మళ్ళీ నేర్చుకోవాలి.

మార్చి 29

ఇద్దరం ఒకే వైపు కూర్చుని పాప విసనకర్రలు కుడుతున్నాం. సువార్తమ్మ నిడదవోలు కబుర్లు చెప్తోంది. ఇంట్లో రెండు గేదెలు, పాలేరు వెంకన్న తాగుబోతు, ఈ మూడు నెలలు ఇక్కడ హాయిగా ఉందండి వదినగారూ, మీతో పోట్లాట తప్ప పని లేదు అంది. పిల్ల సంగతి ఇద్దరం ఎత్తలేదు. పిల్ల జుట్టుకి ఏ నూనె పడుతుంది, ఏ కూర తినదు, ఉరిమితే ఎక్కడ దాక్కుంటుంది, ఇవన్నీ మాత్రం నేను చెప్తూనే ఉన్నాను, ఆవిడ ఊఁ కొడుతూనే ఉంది. మీకు గుర్తుంటాయా అన్నాను. నాకెందుకు, మార్తమ్మకి అప్పగిస్తాను కదా అంది. అయితే మళ్ళీ మొదటి నుంచి చెప్తాను, సరిగ్గా వినండి అన్నాను.

ఏప్రిల్ 2, ఈస్టరు ఆదివారం

గుడికి వెళ్ళాం. పాస్టరుగారు బాగానే చెప్పారు. నేను మధ్యలో నిద్రపోయాను, ప్రసన్న గిల్లి లేపింది.

ఏప్రిల్ 4

అంచు పట్టీలు విప్పేశాం. బొంత ఫ్రేము మీంచి దిగింది. ఒక పక్క నా విసనకర్రలు, ఒక పక్క సువార్తమ్మవి, అంచున పాపవి, మార్తమ్మ వడ్ల గింజలతో సహా. వాటిని విప్పి సరిచేద్దామండీ అంది సువార్తమ్మ. వద్దన్నాను.

ఏప్రిల్ 5, బుధవారం

లాజరు వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. అత్తయ్యగారూ, నేను అడగడానికి రాలేదండీ అన్నాడు. తెలుసు, నేనే పంపుతున్నాను, నీ మాట నిలబడింది, కూర్చుని అన్నం తిను అన్నాను. తిన్నాడు. తింటూ ఏడ్చాడు. పచ్చడి కారంగా ఉందన్నాడు. ఆ పచ్చడి ఎప్పుడూ అంతే కారం.

రేవులో అబ్బులు పడవ సిద్ధంగా ఉంది. ప్రసన్న బొంత నెత్తిన కప్పుకుని ఎక్కింది, ఎండకట. అమ్మమ్మా, నువ్వు ఎక్కవా అంది. ఫ్రేము విప్పి అటక ఎక్కించాలి కదే, పని ఉంది అన్నాను. సరే, అయ్యాక రా అంది. సువార్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. పొడుగు చెయ్యి. పడవ కదిలాక కూడా కాసేపు వదల్లేదు.

ఏప్రిల్ 9

ఇంట్లో ఊడ్చడానికి పెద్దగా ఏమీ లేదు.

ఏప్రిల్ 12. నిడదవోలు

నది దాటి, రైలెక్కి వచ్చాను. పెళ్ళి అయింది. మొదటి పెళ్ళాం తల్లి ఎందుకొచ్చిందా అని చూసేవాళ్ళు చూశారు. పులిహోర బాగుంది, పులుసు మాత్రం నీళ్ళు.

పీటల మీంచి లేవకముందే పాప మార్తమ్మ ఒళ్ళో నిద్రపోయింది. అమ్మమ్మ వచ్చిందే అని సువార్తమ్మ లేపబోయింది. లేపితే మళ్ళీ నిద్రపుచ్చడం ఎంత కష్టమో మీకు తెలీదు, పడుకోనివ్వండి అన్నాను.